రెండో జట్టుకి మొదటి స్థానం

గత సంచికలో ఒక జవాబు చివర ఒకే ఒక్క వాక్యం రాశాను. 2020లో జర్మనీ మూడో డివిజన్ లీగ్‌ని బాయెర్న్ మ్యూనిక్ క్లబ్బు రెండో జట్టు గెలుచుకుందనీ, గెలిచినా పై డివిజన్‌కి వెళ్ళలేదనీ. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేని మీదా రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాను. రిజర్వ్ జట్టు అంటే క్లబ్బు మొదటి జట్టు వెనకాల, ఎక్కువగా కుర్రాళ్ళతో నడిపే రెండో జట్టు. ఈ రిజర్వ్ జట్ల ఫుట్‌బాల్ అంటే నాకు ప్రాణం. పెద్ద మ్యాచ్ వదులుకుని అయినా ఇవి చూస్తాను. రేపు పెద్ద స్టేడియంలో ఎవరు ఎలా ఆడబోతున్నారో ఇక్కడ ముందే కనపడుతుంది. కొన్ని జవాబులు పొడుగైతే ఓపిక పట్టండి.

ప్రశ్న: మొదటి స్థానంలో నిలిచిన జట్టుని పైకి పంపకపోవడం ఏం న్యాయం? 38 మ్యాచ్‌లు ఆడించి, కప్పు చేతిలో పెట్టి, మీరు ఇక్కడే ఉండండి అంటారా?

మీ కోపం అర్థమైంది. కానీ నా ఓటు నిబంధనకే.

జర్మనీలో పైనుంచి కిందికి బుండెస్‌లిగా, రెండో బుండెస్‌లిగా, ఆ తర్వాత మూడో లీగ్. ఈ మూడో లీగ్ ఇప్పుడున్న రూపంలో 2008లో మొదలైంది. 20 జట్లు, ఒక్కో జట్టుకి 38 మ్యాచ్‌లు. ఏ క్లబ్బు రెండో జట్టు అయినా, ఎంత బాగా ఆడినా ఇక్కడితో ఆగాల్సిందే. జర్మన్ కప్పులోకి కూడా 2008 నుంచి రెండో జట్లని రానివ్వడం లేదు. సీజన్ మొదలవకముందే అందరికీ తెలిసిన సంగతే ఇది, మధ్యలో పెట్టిన అడ్డం కాదు.

ఎందుకంటారా? రెండో జట్టు పై డివిజన్‌లో ఆడుతోందనుకోండి. ఏదో ఒక ఏడాది మొదటి జట్టు చెడ్డగా ఆడి అక్కడికే దిగిందనుకోండి. ఒకే క్లబ్బు జట్లు రెండూ ఒకే పట్టికలోకి వస్తాయి. చివరి రౌండ్‌లో అవి రెండూ తలపడితే, ఒకదానికి మూడు పాయింట్లు ప్రాణావసరమైతే, రెండోదానికి పోయేదేమీ లేకపోతే, ఆ మ్యాచ్ ఫలితాన్ని ఎవరు నమ్ముతారు? మిగతా క్లబ్బుల బాధ ఇంకోటి ఉంది. రిజర్వ్ జట్టు వెంట ఊళ్ళు దాటి వచ్చే అభిమానులు తక్కువ. టికెట్ల డబ్బు మీద బతికే చిన్న క్లబ్బుకి, సొంత గడ్డ మీద రిజర్వ్ జట్టుతో ఆడే రోజు సగం ఖాళీ గ్యాలరీల రోజు.

అయితే ఆ ప్రమోషన్ స్థానం, అంటే పై డివిజన్‌కి వెళ్ళే చోటు, ఎటూ పోదు, కింది జట్టుకి దక్కుతుంది. ఆ సీజన్‌లో బాయెర్న్ రెండో జట్టుకి 65 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న వుర్జ్‌బర్గర్ కికర్స్‌కి 64. వుర్జ్‌బర్గర్, మూడో స్థానంలో ఉన్న ఐన్‌ట్రాక్ట్ బ్రౌన్‌ష్వైగ్ నేరుగా పైకి వెళ్ళాయి. మామూలుగా మూడో స్థానానికి దక్కే ప్లేఆఫ్ అవకాశం నాలుగో స్థానంలో ఉన్న ఇంగోల్‌స్టాట్‌కి వచ్చింది. వాళ్ళు పై డివిజన్‌లో ఉన్న నూరెంబర్గ్‌తో మొదటి అంచె 0-2తో ఓడి, రెండో అంచెలో 3-0 ఆధిక్యంలోకి వెళ్ళి, 96వ నిమిషంలో ఒక గోల్ ఇచ్చేశారు. రెండు అంచెలు కలిపితే 3-3. మొత్తం సమానమైతే అవతలి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టుదే పైచేయి అన్న లెక్కన నూరెంబర్గ్ బతికిపోయింది. ఆ ఇంగోల్‌స్టాట్ వాళ్ళ గుండెకోత ముందు, మొదటి నుంచీ నిబంధన తెలిసి ఆడిన బాయెర్న్ కుర్రాళ్ళ నష్టం నాకు చిన్నదిగానే కనపడుతుంది.

ప్రశ్న: ఆ సీజన్ మొత్తం ఎలా నడిచిందో చెప్పండి. నేను స్కోర్లు మాత్రమే చదివాను.

ఇది అడిగినందుకు మీకు ధన్యవాదాలు.

అసలు వాళ్ళు ఆ లీగ్‌లోకి రావడమే ఒక గండం గట్టెక్కి వచ్చారు. 2011లో మూడో లీగ్ నుంచి కిందికి పడిపోయిన ఈ జట్టు ఎనిమిదేళ్ళు నాలుగో డివిజన్‌లోనే ఉండిపోయింది. 2019 మేలో వోల్ఫ్స్‌బర్గ్ రెండో జట్టుతో ప్రమోషన్ ప్లేఆఫ్ ఆడింది. మొదటి అంచెలో 1-3తో ఓడింది, సొంత మైదానంలో 4-1తో గెలిచింది. మొత్తం మీద 5-4. ఒక్క గోల్ అటూ ఇటూ అయి ఉంటే మనం ఇప్పుడు ఈ సంగతి మాట్లాడుకునేవాళ్ళమే కాదు.

పైకి తెచ్చిన కోచ్ హోల్గర్ జైట్స్ స్థానంలో సెబాస్టియన్ హోనెస్ వచ్చాడు. అప్పటికి 37 ఏళ్ళవాడు. బాయెర్న్‌ని దశాబ్దాలు నడిపిన ఊలీ హోనెస్‌కి అన్న కొడుకో తమ్ముడి కొడుకో అని కొందరు అడిగారు. తమ్ముడు డీటర్ కొడుకు. ఆ ఇంటిపేరు చూసి పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు. కానీ అతను అంతకుముందు అదే క్లబ్బు 19 ఏళ్ళలోపు జట్టుకి కోచ్‌గా పనిచేసినవాడు. కొత్త జట్టులో సగంమంది ఎవరి ఎడమ కాలు ఎంత నమ్మకమో అతనికి ముందే తెలుసు. రెండో జట్టు కోచ్‌కి అంతకుమించిన అర్హత నాకు తోచదు.

మొదటి సగం ఏమంత బాగాలేదు. ముందుకి వెళ్ళి గోల్స్ కొట్టేవాళ్ళు, వెనక అంతకంత ఇచ్చేసేవాళ్ళు. అనుభవమున్న జట్లు ఈ కుర్రాళ్ళని చూసి ఒక పద్ధతి పట్టాయి. బంతి వాళ్ళ దగ్గరే ఉండనివ్వు, ఒక పాస్ తప్పిన క్షణంలో ఎదురుదాడికి దిగు. శీతాకాల విరామం వచ్చేసరికి జట్టు పట్టికలో కింది సగంలో ఉంది. పైకి వెళ్ళే హక్కు ఎలాగూ లేదు, కిందికి పడే ప్రమాదం మాత్రం అందరిలాగే ఉంది. రిజర్వ్ జట్టు బతుకులో పెద్ద బాధ ఇదే. పైకప్పు ఉంది, కింద నేల లేదు.

విరామం తర్వాత ఆడిన జట్టు వేరు. బంతి పోగొట్టుకున్న వెంటనే దగ్గరున్న ఇద్దరు ముగ్గురు దాని మీద పడేవాళ్ళు. వెనక్కి పరుగెత్తాల్సిన అవసరమే తగ్గిపోయింది. అప్పుడు మార్చిలో కోవిడ్ వచ్చి లీగ్ ఆగింది. అప్పటికి 27 రౌండ్లు అయ్యాయి. మే 30న మళ్ళీ మొదలుపెట్టి జూలై 4కల్లా మిగిలిన 11 రౌండ్లూ పూర్తి చేశారు. ప్రేక్షకులు లేరు, వారానికి రెండేసి మ్యాచ్‌లు, ఒక్కో మ్యాచ్‌లో అయిదుగురిని మార్చుకునే వెసులుబాటు. వయసులో చిన్నవాళ్ళు ఎక్కువున్న జట్టుకి, వెనకాల అకాడమీ నిండా ఆటగాళ్ళున్న క్లబ్బుకి ఇంతకన్నా అనుకూలమైన పరిస్థితి ఉండదు. వాళ్ళు గెలిచినదాంట్లో ఇదీ ఒక భాగమే. ఒప్పుకోవాలి. కానీ ఆ సీజన్ రెండో సగంలో లీగ్‌లో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టు ఇదే. ఆ పరుగు కోవిడ్ కంటే ముందే మొదలైంది.

ఖాళీ గ్యాలరీల మధ్య ఆ మ్యాచ్‌లు చూడటం నాకు వేరే అనుభవం. టీవీలో ఆటగాళ్ళ మాటలు వినపడేవి. బంతి బూటుకి తగిలే చప్పుడు, గోల్‌కీపర్ కేక, బెంచి మీద నుంచి కోచ్ అరుపు. పెద్ద స్టేడియంలో హోరులో కలిసిపోయే ఈ చప్పుళ్ళన్నీ విడివిడిగా వినిపిస్తుంటే, జట్టులో ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో తెలిసిపోయేది.

2020 జూలై 4. చివరి రౌండ్. ఒక్క పాయింటు తేడాతో మొదటి స్థానం. జర్మనీ మూడో లీగ్‌ని ఒక రెండో జట్టు గెలవడం అదే మొదటిసారి. అదే రోజు సాయంత్రం బెర్లిన్‌లో వాళ్ళ మొదటి జట్టు లెవర్‌కుసెన్‌ని 4-2తో ఓడించి జర్మన్ కప్పు ఎత్తింది. మర్నాడు పేపర్లలో కప్పు ఫోటోలే. నాకు మటుకు ఆ రోజు రెండు విజయాల్లో మొదటిదే పెద్దది.

ప్రశ్న: అది కుర్రాళ్ళ జట్టు అంటారు. కెప్టెన్‌కి 33 ఏళ్ళట! ఒక కుర్రాడి చోటు అతను తినేసినట్టు కాదా?

కాదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

నిబంధన ప్రకారం రెండో జట్టు 23 ఏళ్ళలోపు వాళ్ళతోనే ఆడాలి. అంతకన్నా పెద్దవాళ్ళు మైదానంలో ఒకేసారి ముగ్గురికి మించకూడదు. ఆ సీజన్‌లో బాయెర్న్ దగ్గర అలాంటివాళ్ళు నలుగురున్నారు. మీరు చెప్పిన కెప్టెన్ నికొలాస్ ఫెల్డ్‌హాన్, మిడ్‌ఫీల్డర్లు మాక్సిమిలియన్ వెల్జ్‌ముల్లర్, టిమో కెర్న్, స్ట్రైకర్ క్వాసి ఒకియెరె వ్రీట్. అంటే ప్రతి మ్యాచ్‌లోనూ వాళ్ళలో ఒకరు బయట కూర్చోవాలి.

వ్రీట్ 24 గోల్స్ కొట్టాడు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అతనిదే అగ్రస్థానం. అతనికి 25 ఏళ్ళు. బాయెర్న్ మొదటి జట్టులో స్ట్రైకర్‌గా లెవాన్‌డోవ్‌స్కీ ఉండగా అక్కడ చోటు దొరకదని అతనికి తెలియకుండా ఉంటుందా? అయినా ప్రతి వారం 19 ఏళ్ళ కుర్రాడు పక్క నుంచి గోల్ ముందుకి పంపిన క్రాస్ కోసం సరైన చోటికి పరుగెత్తాడు. ఆ క్రాస్ గోల్ అయితే కుర్రాడికి తను చేసింది సరైనదే అని తెలుస్తుంది. ముందున్నవాడు తప్పు చోట నిలబడితే మంచి క్రాస్ కూడా వృథా పోయి, పిల్లవాడు తన మీద తనే అనుమానం పెంచుకుంటాడు. ఇది ఏ కోచింగ్ క్లాసులోనూ నేర్పలేరు.

ఇక ఫెల్డ్‌హాన్. అతని పని మరీ కనపడని పని. పక్కన 18, 19 ఏళ్ళ డిఫెండర్ ఉంటాడు. ఎదురుగా పదేళ్ళుగా ఈ లీగుల్లో మోచేతులతో బతికిన స్ట్రైకర్ ఉంటాడు. కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎవరిని పట్టుకోవాలి, ఒక గోల్ ఆధిక్యంలో ఉండగా 85వ నిమిషంలో బంతిని ఎటు కొట్టాలి, రిఫరీతో ఏ స్వరంలో మాట్లాడాలి. ఇవన్నీ పక్కనున్న పెద్దవాడిని చూసి నేర్చుకునేవే. కుర్రాళ్ళని మాత్రమే వేసి ఆడించే రిజర్వ్ జట్లు నేను చాలా చూశాను. బంతితో అందంగా ఉంటారు, ఒక గోల్ పడితే పదకొండుమందీ ఒకేసారి తల దించుకుంటారు.

ప్రశ్న: మొదటి జట్టు కోచ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆటగాళ్ళని లాక్కుంటే, రెండో జట్టు కోచ్ జట్టుని ఎలా తయారుచేస్తాడు?

ప్రతి వారం మళ్ళీ మొదలుపెడతాడు. అంతకన్నా దారి లేదు.

2019 డిసెంబరు చూడండి. 14న బ్రెమెన్ మీద 6-1తో గెలుస్తున్న మ్యాచ్ చివర్లో సర్‌ప్రీత్ సింగ్ మొదటి జట్టు తరఫున మైదానంలోకి దిగాడు. భారతీయ మూలాలున్న న్యూజిలాండ్ కుర్రాడు, ఆ వేసవిలోనే వచ్చి రెండో జట్టులో ఆడుతున్నవాడు. 18న ఫ్రైబర్గ్ మైదానంలో స్కోరు 1-1. ఆఖరి నిమిషాల్లో జోషువా జిర్క్‌జీ దిగాడు. 18 ఏళ్ళు. బంతి కాలికి తగలడం అదే మొదటిసారి, అదే గోల్. ఆ మ్యాచ్ 3-1తో గెలిచారు. మూడు రోజులకి వోల్ఫ్స్‌బర్గ్ మీద మళ్ళీ చివర్లో దిగి, నిమిషాల్లో ఇంకో గోల్. రెండో జట్టులో ఆ శరదృతువంతా ఆడిన కుర్రాడు ఒక్క వారంలో దేశమంతా తెలిసిన పేరు అయ్యాడు. 2020 జూన్‌లో ఇంకోడు. రెండో జట్టులో కొద్ది మ్యాచ్‌లే ఆడిన జమాల్ ముసియాలాని, జూన్ 20న 17 ఏళ్ళ 115 రోజుల వయసులో బుండెస్‌లిగాలో దింపారు. అప్పటికి బాయెర్న్ తరఫున ఆ లీగ్‌లో ఆడిన అందరిలో చిన్నవాడు.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు రెండో జట్టు తన లీగ్‌లో పాయింట్ల కోసం కొట్లాడుతోంది. హోనెస్‌కి శనివారం పొద్దున ఎవరు అందుబాటులో ఉంటారో ఖాయంగా తెలియదు. అందుకే అతను ఆటగాడి చుట్టూ కాక పద్ధతి చుట్టూ జట్టుని కట్టాడు. ఎవరు వచ్చినా ఆ చోట చేయాల్సిన పని అదే.

స్పెయిన్‌లో ఇంకా పాత ఉదాహరణ ఉంది. 1983-84లో రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టిల్లా రెండో డివిజన్‌లో ఆడుతోంది. డిసెంబరులో సాంచిస్‌నీ, మార్టిన్ వాజ్‌క్వెజ్‌నీ పైకి తీసుకున్నారు. ఫిబ్రవరిలో బుట్రగేన్యోని తీసుకున్నారు, అతను కాడిజ్‌లో తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. ఇంతమందిని పంపించి కూడా ఆ ఏడాది రెండో డివిజన్‌లో కాస్టిల్లాయే విజేత. రెండో స్థానం ఎవరిదనుకున్నారు? బిల్బావో రెండో జట్టుది. వాళ్ళ మొదటి జట్లు పై డివిజన్‌లోనే ఉన్నాయి కాబట్టి పైకి వెళ్ళడానికి ఇద్దరికీ హక్కు లేదు.

ఇక్కడ ప్రత్యర్థుల తరఫున ఒక మాట చెప్పాలి. ఈ రాకపోకల వల్ల ఒక జట్టుకి జిర్క్‌జీ ఉన్న బాయెర్న్ ఎదురవుతుంది, వారం తర్వాత ఇంకో జట్టుకి లేని బాయెర్న్. ఇది సరైన ఫిర్యాదే. దీనికి ఎవరి దగ్గరా పూర్తి పరిష్కారం లేదు.

ప్రశ్న: ఛాంపియన్ అయిన జట్టు మరుసటి ఏడాదే కిందికి పడిపోయిందని విన్నాను. నిజమేనా? అంత పతనం ఎలా?

నిజమే. 2020-21 చివర నాలుగో డివిజన్‌కి వెళ్ళిపోయింది. కారణం తెలియాలంటే వెళ్ళిపోయినవాళ్ళ లెక్క చూడాలి. వ్రీట్, డిఫెండర్ డెరిక్ కోన్ నెదర్లాండ్స్‌లోని విలెం టూకి వెళ్ళారు. బటిస్టా మేయర్ లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, హేరెన్‌వీన్‌కి, లార్స్ లుకాస్ మాయ్ డార్మ్‌స్టాట్‌కి, సర్‌ప్రీత్ సింగ్, గోల్‌కీపర్ ఫ్రూష్ట్ల్ నూరెంబర్గ్‌కి. ముసియాలా మొదటి జట్టులో స్థిరపడ్డాడు. డిఫెండర్ క్రిస్ రిచర్డ్స్ 2021 మొదట్లో హోఫెన్‌హైమ్‌కి. కోచ్ హోనెస్ అంతకుముందే అదే హోఫెన్‌హైమ్‌కి వెళ్ళిపోయాడు. ఒక జట్టు వెన్నెముక మొత్తం ఒక్క వేసవిలో, ఆ తర్వాతి చలికాలంలో పోయింది. మిగిలినవాళ్ళలో బాగా చిన్న వయసు కుర్రాళ్ళే ఎక్కువ. సీజన్ ఆఖరి నెలల్లో కోచ్‌ని కూడా మార్చారు, ఫలితం మారలేదు.

మీరు దీన్ని పతనం అన్నారు. నేను అనను. ఆ వెళ్ళినవాళ్ళంతా అంతకన్నా పై స్థాయికే వెళ్ళారు. రెండో జట్టు ఉన్నదే అందుకు. కానీ దీన్ని వేరేలా అర్థం చేసుకునేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. "రిజర్వ్ జట్టుకి పట్టికతో పనేంటి, కుర్రాళ్ళు ఎదిగితే చాలు" అనే క్లబ్బు పెద్దలు ఉంటారు. ఆ మాట ఆటగాళ్ళ చెవిన పడిన రోజు నుంచి మ్యాచ్ ప్రాక్టీసుగా మారిపోతుంది. 2019-20 జట్టు కుర్రాళ్ళు ఎదిగింది పట్టికలో ఒక్కో పాయింటు కోసం కొట్లాడటం వల్లే. పైకి వెళ్ళే దారి లేదని తెలిసీ మొదటి స్థానం కావాలనుకున్నారు. ఆ కోరిక లేకపోతే హోనెస్ పద్ధతి కాగితం మీదే ఉండేది.

ప్రశ్న: మొదటి జట్టే కిందికి వస్తే రెండో జట్టు గతేంటి?

దానికి విల్లారియల్ కథ చాలు. 2011-12లో స్పెయిన్ మొదటి డివిజన్‌లో విల్లారియల్, రెండో డివిజన్‌లో దాని బి జట్టు. 2012 మే 13న సీజన్ చివరి రోజు సొంత మైదానంలో అట్లెటికో మాడ్రిడ్ చేతిలో 0-1తో ఓడి మొదటి జట్టు కిందికి పడింది. బి జట్టు 12వ స్థానంలో నిలిచింది, అంటే పట్టిక ప్రకారం ఏ ప్రమాదమూ లేదు. కానీ రెండు జట్లు ఒకే డివిజన్‌లో ఉండకూడదు కాబట్టి బి జట్టుని మూడో డివిజన్‌కి దింపారు. వాళ్ళు చేసిన తప్పు ఒక్కటి కూడా లేదు. నిబంధన అవసరమని పైన రాసిన నాకే ఇది ముల్లులా గుచ్చుకుంటుంది.

ప్రశ్న: ఒకే క్లబ్బు రెండు జట్లు ఎప్పుడైనా ఎదురెదురుగా ఆడాయా?

ఆడాయి, అదీ ఫైనల్‌లో. అప్పట్లో స్పెయిన్ రాజు కప్పులో రెండో జట్లకి కూడా ప్రవేశం ఉండేది. 1979-80లో కాస్టిల్లా వరసగా బిల్బావో, రియల్ సొసిదాద్, స్పోర్టింగ్ హిహోన్ లాంటి మొదటి డివిజన్ జట్లని ఇంటికి పంపుతూ ఫైనల్ దాకా వచ్చింది. 1980 జూన్ 4న బెర్నబేవు స్టేడియంలో ఎదురుగా నిలబడింది రియల్ మాడ్రిడ్. 6-1తో పెద్దన్నలే గెలిచారు. ఆ ఏడాది లీగ్ కూడా వాళ్ళదే కావడంతో, కప్పు విజేతలకి ఉండే యూరోపియన్ టోర్నీ చోటు కాస్టిల్లాకి దక్కింది. ఒక రిజర్వ్ జట్టు వెస్ట్ హామ్‌తో యూరప్ పోటీ ఆడింది. మాడ్రిడ్‌లో 3-1తో గెలిచి, లండన్‌లో ఖాళీ స్టేడియంలో ఎక్స్‌ట్రా టైమ్ దాకా పోరాడి 1-5తో ఓడింది.

జర్మనీలో కూడా ఒకసారి రెండో జట్టు కప్పు ఫైనల్‌కి వచ్చింది. 1993లో హెర్తా బెర్లిన్ రెండో జట్టు. లెవర్‌కుసెన్ 1-0తో గెలిచింది, గోల్ ఉల్ఫ్ కిర్‌స్టెన్‌ది. మూడో డివిజన్ పిల్లలు, ఆ ఏడాది తమ మొదటి జట్టే అందుకోని ఫైనల్, అదీ సొంత నగరంలో. ఇప్పటి నిబంధనల్లో ఈ రెండూ జరగవు. కప్పు వరకైనా వీళ్ళని ఆడనివ్వాలని నాకు ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ప్రమోషన్ సమస్య లేదు కదా.

ప్రశ్న: ఇంగ్లాండ్ లీగుల్లో రిజర్వ్ జట్లు కనపడవేం?

అక్కడ చిన్న క్లబ్బుల అభిమానులు ఒప్పుకోలేదు. 2014లో ఫుట్‌బాల్ సంఘం ఛైర్మన్ గ్రెగ్ డైక్ ఆధ్వర్యంలో బి జట్లని లీగుల్లోకి తేవాలని ప్రతిపాదన వచ్చింది, వ్యతిరేకత ముందు నిలబడలేదు. 2016 నుంచి కింది డివిజన్ల క్లబ్బులు ఆడే ఒక కప్పు పోటీలోకి మాత్రం పెద్ద క్లబ్బుల 21 ఏళ్ళలోపు జట్లని పిలుస్తున్నారు. దాన్ని కూడా చాలామంది బహిష్కరించారు.

ప్రశ్న: అమెరికాలో అయితే ప్రమోషనే లేదు కదా. అక్కడ రిజర్వ్ జట్టు దేనికోసం ఆడుతుంది?

కప్పు కోసం ఆడుతుంది, గెలిస్తే కప్పు నిజంగా వాళ్ళదే. 2016లో న్యూయార్క్ రెడ్ బుల్స్ రెండో జట్టు, 2019లో రియల్ సాల్ట్ లేక్ క్లబ్బు రెండో జట్టు రియల్ మోనార్క్స్, అక్కడి పెద్ద లీగ్ కింద ఉండే యూఎస్‌ఎల్ లీగ్‌ని గెలిచాయి. అదే 2019లో కొత్తగా పెట్టిన యూఎస్‌ఎల్ లీగ్ వన్ తొలి ఛాంపియన్ కూడా ఒక రిజర్వ్ జట్టే, డల్లాస్ క్లబ్బుకి చెందిన నార్త్ టెక్సస్. 2022లో అమెరికా పెద్ద లీగ్ ఎంఎల్ఎస్ తన రిజర్వ్ జట్ల కోసం నెక్స్ట్ ప్రో అనే లీగ్ పెట్టుకుంది. అందులో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది. మ్యాచ్ డ్రా అయితే చెరో పాయింటు ఇచ్చి, పెనాల్టీ షూటౌట్ పెట్టి గెలిచినవాళ్ళకి ఇంకో పాయింటు ఇస్తారు. 18 ఏళ్ళవాడికి నిజమైన ఒత్తిడిలో పెనాల్టీ కొట్టే అవకాశం ఏడాదికి చాలాసార్లు వస్తుంది. మిగతా దేశాల లీగులు దీన్ని తీసుకోవాలి.

ప్రశ్న: రెండో జట్టు కోచ్‌కి ఈ పనిలో పేరొస్తుందా?

ఇవాళ ప్రపంచమంతా తెలిసిన కోచ్ పెప్ గార్డియోలా తొలి కోచింగ్ సీజన్ 2007-08లో, బార్సిలోనా బి జట్టుతో, నాలుగో డివిజన్‌లో. మట్టి మైదానాల స్థాయి ప్రత్యర్థులతో ఆడి జట్టుని పైకి తెచ్చాడు. ఆ జట్టులోని బుస్కెట్స్, పెద్రో 2010 ప్రపంచకప్ ఫైనల్‌ని మొదటి పదకొండుమందిలో ఆడారు. మన హోనెస్ సంగతి చెప్పాలంటే, హోఫెన్‌హైమ్ తర్వాత అతను స్టుట్‌గార్ట్‌కి వెళ్ళాడు. 2023-24లో ఆ జట్టుని బుండెస్‌లిగాలో రెండో స్థానంలో నిలిపాడు, బాయెర్న్ మూడోది. ఆ స్టుట్‌గార్ట్ మధ్యలో ఆట నడిపింది ఏంజెలో స్టిల్లర్. 2020 నాటి ఆ రెండో జట్టు కుర్రాడే. కోచ్ వెంట హోఫెన్‌హైమ్ వెళ్ళి, అక్కణ్ణించి స్టుట్‌గార్ట్‌కి కూడా అతని వెంటే వచ్చాడు.

ప్రశ్న: నాకు 19 ఏళ్ళు. ఒక పెద్ద క్లబ్బు రెండో జట్టులో మిడ్‌ఫీల్డర్‌ని. కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతుంది. ఇక్కడే ఉండమంటారా, చిన్న క్లబ్బు మొదటి జట్టుకి వెళ్ళమంటారా?

తమ్ముడూ, మీ ఆట చూడకుండా ఉండు, వెళ్ళు అని చెప్పలేను. కానీ ఎలా ఆలోచించాలో చెప్తాను.

థామస్ ముల్లర్ 2008-09లో దాదాపు పూర్తి సీజన్ బాయెర్న్ రెండో జట్టులో ఆడాడు. మూడో లీగ్, 32 మ్యాచ్‌లు, 15 గోల్స్. కోచ్ హెర్మన్ గెర్లాండ్, కుర్రాళ్ళ మీద గట్టిగా అరిచే మనిషి, వాళ్ళ తరఫున పైవాళ్ళతో అంతకన్నా గట్టిగా మాట్లాడే మనిషి. మరుసటి వేసవిలో మొదటి జట్టు కోచ్‌గా వాన్ గాల్ వచ్చి ముల్లర్‌నీ, హోల్గర్ బాడ్‌స్టూబర్‌నీ మొదటి జట్టులో పెట్టుకున్నాడు. ఇంకో ఏడాదికి ప్రపంచకప్‌లో ముల్లర్ అయిదు గోల్స్‌తో, అగ్రశ్రేణి గోల్ స్కోరర్‌కి ఇచ్చే గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. అదే క్లబ్బు రెండో జట్టు నుంచి వచ్చిన ఫిలిప్ లామ్‌కి మాత్రం ముందున్నవాళ్ళ వల్ల చోటు లేక, 2003లో రెండేళ్ళ లోన్ మీద స్టుట్‌గార్ట్ వెళ్ళి అక్కడ నిలదొక్కుకుని తిరిగొచ్చాడు. రెండు దారులూ గమ్యానికి చేరాయి. ఇద్దరికీ ఉన్నది ఒకటే, పూర్తి సీజన్ పెద్దవాళ్ళతో ఆడిన నిమిషాలు. మీ వయసులో ఒక ఏడాది బెంచి మీద పోతే దాన్ని తర్వాత సంపాదించుకోవడం చాలా కష్టం.

కాబట్టి సంతకం పెట్టకముందు మీ క్లబ్బుని మూడు సంగతులు అడగండి. వచ్చే ఏడాది రెండో జట్టు ఏ డివిజన్‌లో ఆడుతుంది, మీ స్థానంలో మీకన్నా ముందు ఎవరున్నారు, మొదటి జట్టు కోచ్ గత రెండేళ్ళలో రెండో జట్టు నుంచి ఎంతమందిని నిజమైన మ్యాచ్‌లో దింపాడు. మూడోదానికి వాళ్ళు శిక్షణకి పిలిచినవాళ్ళ పేర్లు చెప్తారు. శిక్షణ కాదు, లీగ్ మ్యాచ్‌లో ఆడిన నిమిషాలు చెప్పమనండి. ఆ అంకె తెలిశాక, చిన్న క్లబ్బు కోచ్‌ని కూడా నేరుగా కలిసి, మిమ్మల్ని ఏ స్థానంలో ఆడించబోతున్నాడో అడిగి, అప్పుడు నాకు మళ్ళీ రాయండి.